కుడికాలి ఉద్దం

ఆషాఢంల పడిపోయింది నా పెనిమిటి కుడిచెయ్యి.
పొద్దున ఛాయ్ గిలాస అందుకోబోయిండు,
గిలాస అందలే. నోరు ఎడమకు తిరిగింది.
"కుర్మయ్యా" అని మా అత్త పిలిస్తే
సొంత పేరును కొత్తగ ఇన్నట్టు చూసిండు.

స్వామీ, ఆ పేరు నీదే.
నీ ఉద్దాలు కుట్టే ఇంట్ల
నీ పేరు పెట్టుకోనోడు లేడు.
అందరు నీకు పూలిస్తరు, పైసలిస్తరు.
మేం నీ పాదం కొలత ఎరిగినోళ్లం.
కొలత ఎరిగినోడి చెయ్యే పట్టుకపోతివి.

గిట్ల అడగొద్దని అత్త నా నోరు మూసింది.
రాత్రి లంద కాడ కూసోని అడిగిన.

పాలమూరు పెద్దదవాఖానల
చేతికి కసరత్తు చెప్పే పిల్ల, పేరు నుస్రత్,
పచ్చటి రబ్బరు బంతి ఒకటి ఇచ్చింది.
"పొద్దున వంద, మాపున వంద. పిసకాలె."
పిసుకుడు ఏడిది తల్లీ,
అరచేతుల పెట్టంగనే
మంచం కిందికి దొర్లిపోయె.
వంద సార్లు నేను వంగి తీసుడే అయితుండె.
"ఎన్ని దినాలకు వస్తది?" అంటే
చీటీ మీద రాసుడు ఆపి
"రాదని నేను అనలే కదా అమ్మా" అన్నది.
ఆ మాట కొంగున ముడేసుకోని
దేవరకద్రల బస్సు మారిన.

శ్రావణం పాయె. బంతి దొర్లుడు పోలె.
భాద్రపదంల పెద్దమనుషులు వచ్చిండ్రు,
వాకిట్లనే నిలవడి
"ఈసారి రాయచూరు నుంచి తెప్పిస్తం,
మీరు రంది పడకుండ్రి" అన్నరు.
ఆయన ఎడమచెయ్యెత్తి
తలుపు మీద రెండు సార్లు కొట్టిండు.
అదేం జవాబో వాళ్లకు తెల్వలే.
ఆ రాత్రే తోలు నానేసిన.

స్వామీ, తోలు సంగతి నీకు తెలుసో లేదో,
నువ్వు తయారైన చెప్పునే చూస్తవు.
సున్నపు నీళ్లల్ల వారం, తంగేడు చెక్కల నెల,
దినాం తిప్పాలె, దినాం కంపు మొయ్యాలె.
మొదటి పదిహేను దినాలు ఏమీ కాదు,
తీసి చూస్తే నిన్నటి తోలే.
కొత్త కోడలుగ వచ్చినప్పుడు
నేను తీసి తీసి చూస్తుంటే మా మామ అనేటోడు:
"నువ్వు చూస్తే నానదు బిడ్డా.
నీళ్లను పని చెయ్యనియ్యి."

నమ్మినవా అని అడిగితే ఏం చెప్పాలె?
దొర్లిన బంతికి మల్ల వంగుతున్న.

పెతరమాస ఎల్లిన నాలుగో నాడు
నేను పొయ్యి కాడ రొట్టె కాలుస్తున్న.
ముప్పై ఒకటో లెక్క కాడ
బంతి పడ్డ సప్పుడు రాలే.
ఎనిక్కి మర్రి చూడనీకె భయమైంది.
రొట్టె మాడింది.

బొటనవేలు. ఒక్క బొటనవేలే.
బంతిని ఆనుకోని వణుకుతుంది,
వానల తడిసిన కోడిపిల్ల లెక్క.

గంతే స్వామీ. దీపావళి దాక గంతే.
మిగిలిన వేళ్లు ఇంక నీ కాడనే ఉన్నయి.

ఉద్దాలు నా బిడ్డ సుగుణ కుట్టింది.
ఆడపిల్ల ముట్టొచ్చునా అని ఊరంత అడిగిండ్రు.
అది ఏడు దినాలు ఉపాసముండి
ఎవలికీ జవాబియ్యకుంట కుట్టింది.
ఆఖరి కుట్టు కాడ ఆరె తండ్రి చేతికిచ్చి
మీద తన చెయ్యేసి పట్టింది.
బొటనవేలు నూకింది. ఆరె దిగింది.
కుట్టు జర పక్కకు పోయింది.
ఇప్పి మల్ల కుడదమన్నరు ఎవలో.
ఆయన తలకాయ ఊపిండు, వద్దని.

జాతరనాడు డప్పులతోని పోయినయి నీ ఉద్దాలు.
మా గడప తొక్కనోళ్లు వరుసగట్టి
నెత్తికి తాకిచ్చుకున్నరు.
ఎవలికీ కనబడలే ఆ వంకర.
గుట్ట మీద తిరుగుతుంటే నీకే తాకుతుండొచ్చు,
కుడికాలు, చిటికెనవేలి పక్కన.
తాకినప్పుడల్ల యాది చేసుకో.

రేపు సోమవారం. దవాఖానకు పోవాలె.
బంతి పగిలింది,
నుస్రత్‌ను ఇంకోటి అడగాలె.